భూతద్దానికీ మరకీ పందెం

వంద కవర్లు ఇటు, వాటి నకళ్లు వంద అటు. మధ్యలో పోస్టుమాస్టరు చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. పన్నెండు కొట్టేలోగా ఎవరు ఎక్కువ చిరునామాలు చదివితే, చదవరాని ఉత్తరాల బల్ల ఇక వాళ్లదే. ఓడినవాళ్లు ఇంటికి పోవాలి.

ఇటు కూర్చున్నది భూతద్దం. అది ఆయన పేరు కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేతిలో ఉన్న వస్తువు పేరు మనిషికి అంటుకుంది. వానకు తడిసిన కవర్లు, ఎలుక కొరికినవి, బస్సు కుదుపుల్లో రాసినవి, డాక్టర్లు రాసినవి, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఒకసారి సిరాలో పడ్డ సాలీడు ఒకటి కవరు మీద నడిచి పోతే, ఆ జాడను కూడా చదివి బట్వాడాకు పంపాడని, అక్కడివాళ్లు సంతకం పెట్టి మరీ తీసుకున్నారని హాల్లో చెప్పుకుంటారు. ఆయన ఔననడు, కాదనడు.

అటు నిలబడ్డది మర. బీరువా అంత ఉంది. దాని పక్కన కొత్త చొక్కా వేసుకుని కంపెనీ ఇంజనీరు. అతను భూతద్దానికి స్వయానా బావమరిది. అక్క కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్న తమ్ముడు. బావ ఇంట్లో పెరిగి, బావ కట్టిన ఫీజులతో చదివి, ఇప్పుడు బావ కుర్చీకే ఎసరు పెట్టాడు.

మూడు నెలల కిందట ఈ సంగతి తెలిసి భూతద్దం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు బావమరిది ఒక కంప్యూటరు మోసుకుంటూ ఇంటికొచ్చాడు. అక్కకు కాలక్షేపంగా ఉంటుందని, ఏవో పాత రిజిస్టర్లు టైపు చేసే పని ఇప్పించానని, కోపాలుంటే ఆఫీసులోనే చూసుకుందామని అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. అది చూసి భూతద్దం మెత్తబడ్డాడు గానీ, ఆ కంప్యూటరు వైపు మాత్రం ఇంతవరకూ కన్నెత్తి చూడలేదు.

పోస్టుమాస్టరు తలూపాడు. పందెం మొదలైంది.

తేలిక కవర్లను మర బఠానీలు నమిలినట్టు నమిలేసింది. తెర మీద చిరునామా పడటం, పక్కన పచ్చ దీపం వెలగడం. భూతద్దం తొందరపడలేదు. గీతలు మరీ మొండికేస్తే ఆయనది ఒకటే పద్ధతి. రాసినవాడి చెయ్యి ఎలా తిరిగి ఉంటుందో చూపుడు వేలితో గాల్లో తిప్పి చూస్తాడు. కన్ను మోసపోతుంది గానీ వేలు మోసపోదంటాడు. పెళ్లయిన కొత్తలో, ఆ రోజు తనను ఏడిపించిన గీతలను చీటీ మీద దించి ఇంటికి తెచ్చి, భోజనాలయ్యాక భార్యతో పందెం కాసేవాడు. కొన్నాళ్లకు ఆవిడ ముందు తన పప్పులు ఉడకడం మానేశాయి. ఆట కూడా మానేశాడు.

కష్టమైన కవర్లు వచ్చేసరికి మర వేగం తగ్గింది. తెర మీద చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉండేది.

"ఏరా, దీనికి నత్తి వచ్చిందా?" అన్నాడు భూతద్దం తల ఎత్తకుండానే.

"ఆలోచిస్తోంది బావా."

"మీ కంపెనీలో ఆ అలవాటు దీనికి ఎవరు నేర్పారో."

హాలంతా నవ్వింది. బావమరిది నవ్వలేదు.

సరిగ్గా పదకొండింటికి మర ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది, దీపం వెలగదు. బావమరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. వేడెక్కింది, చల్లారితే అదే దారికొస్తుందని చెప్పి ఫోను పట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు. ఏడు నిమిషాలు గడిచాయి. ఆ ఏడు నిమిషాల్లో భూతద్దం ఐదు కవర్లు దాటేశాడు. ముద్రలు కొట్టేవాళ్లు కొట్టడం మానేసి చుట్టూ మూగారు. ముప్ఫై ఒక్క ఏళ్ల కుర్చీ నిలబడేలాగే ఉంది.

అప్పుడు మర మళ్లీ అందుకుంది. పోయిన పరువు రాబట్టుకోవాలన్నట్టు చదివింది.

ఆఖరి కవరు మీద సిరా ఒలికి ఉంది. భూతద్దం వేలు గాల్లో మూడుసార్లు తిరిగి, ఆగిపోయింది. మర దాన్నీ చదివింది. పోస్టుమాస్టరు చిరునామాల పుస్తకం తీసి చూశాడు. ఆ వీధి ఉంది, ఆ ఇల్లుంది, ఆ మనిషీ ఉన్నాడు.

భూతద్దం తొంభై నాలుగు. మర తొంభై ఆరు.

పత్రిక విలేకరి మరకు నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. మనిషి కన్నును గెలిచిన మర అని రేపు పెద్దక్షరాల్లో వేస్తాడట. రేపటి నుంచి రానక్కర్లేదన్న మాటను పోస్టుమాస్టరు ఎంతో మర్యాదగా, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

భూతద్దం లేచి మర దగ్గరికి వెళ్లి, దాని ఇనుప వీపు మీద చెయ్యి వేశాడు.

"దీనికి నేర్పినవాడెవడో గానీ గట్టివాడేరా."

బావమరిది నేల చూపులు చూశాడు. "నన్ను క్షమించు బావా."

"నా అన్నం తిని నా కంచమే లాక్కున్నావు. నిన్నెలా క్షమిస్తాను? దీన్నైతే ఏమీ అనను. ఇది న్యాయంగా గెలిచింది."

ఇంటికొచ్చేసరికి గుమ్మం దాకా మాడు వాసన. వంటింట్లో ఆవిడ స్టవ్వు తోముతోంది. తమ్ముడి ద్రోహం సంగతి అక్కకు ఏ ముఖంతో చెప్పాలో ఆయనకు తోచలేదు. కుర్చీలో కూలబడి, ముందు కాసిని టీ నీళ్లు పొయ్యమన్నాడు.

"పాలన్నీ పొంగిపోతే టీ ఎక్కడిది," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "పదకొండింటికి కంప్యూటరు ముందు నుంచి లేచొచ్చి ఈ స్టవ్వు తుడుచుకుని వెళ్లేసరికి, తెర నిండా కోడి కెలికినట్టున్న చిరునామాలు నా కోసం బారులు తీరి ఉన్నాయి, పైగా ఏడు నిమిషాలు ఎక్కడికి పోయావక్కా అని మీ ముద్దుల బావమరిది ఫోన్లో ఒకటే అరుపు."