పదిహేడో చలికాలం

“ఒక్క లైను లెక్కకి డాక్టరేటా?”

ఎమోకె సిద్ధాంత గ్రంథాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు తిహమేర్. అందులో తప్పులు పట్టడానికి విశ్వవిద్యాలయం పిలిపించిన ప్రొఫెసరు ఆయన. వచ్చిన పని మనస్ఫూర్తిగా చేస్తున్నాడు. ఆయన కాదంటే ఆ పిల్ల ఆరేళ్ళ చదువూ మట్టిపాలే.

“బాలటన్ సరస్సు ఎంత మందాన గడ్డకడుతుందో చెప్పడానికి అంతకన్నా అక్కర్లేదు సార్,” అంది ఎమోకె. “సున్నాకి దిగువన ఎన్నాళ్ళు ఎంత చలి పడిందో కూడితే చాలు.”

“చాలట! మా అమ్మమ్మ పిండిలో ఉప్పు ఇలాగే వేసేది, చేతికొచ్చినంత!”

పొగాచ నములుతున్న పరీక్ష సంఘం అధ్యక్షురాలు హెడ్విగ్ తలెత్తింది. పరీక్ష చేసే పెద్దల కోసం ఎమోకె తల్లి తెల్లారే లేచి కాల్చి పంపిన ఉప్పురొట్టెలవి. “మీ అమ్మమ్మ సంగతేమో గానీ ఇందులో ఉప్పు సరిపోయింది. విషయానికి రండి.”

తిహమేర్ తన గ్రాఫు తెరమీద వేశాడు. గాలి, మంచు, ఎండ, అడుగు బురద, ఒడ్డున రెల్లు, అన్నిటికీ తలా ఒక సమీకరణం. పాత చలికాలాల కొలతల పట్టికని ఎమోకె దగ్గరే అడిగి తెప్పించుకుని, శరదృతువంతా కూర్చుని, ప్రతి అంకె కలిసేదాకా ఆ సమీకరణాల మోడల్‌ని సర్దాడు.

“పదిహేడో చలికాలం చూడండి. కొలిచింది పధ్నాలుగు సెంటీమీటర్లు. నా మోడల్ చెప్పిందీ పధ్నాలుగే. మరి నీ లైనేమంటోంది, అమ్మాయ్?”

“సున్నా.”

“సున్నా! జనం స్కేటింగ్ చేస్తుంటే ఈవిడ లెక్కలో చేపలు ఈదుతున్నాయి!”

హాలు గొల్లుమంది. హెడ్విగ్ మాత్రం కళ్ళద్దాలు సర్దుకుంది. “ఆ ఏడు చలి పెద్దగా లేనే లేదు కదయ్యా, అంత గడ్డ ఎలా కట్టింది?”

“కిటుకంతా అక్కడే ఉంది మేడమ్! ఉత్తరపు గాలి, రెల్లు, బురద, మూడూ కలిసొచ్చాయి. ఆ సూక్ష్మం పట్టుకోవడానికి నాకే రెండు నెలలు పట్టింది. ఒక్క లైనుకి అందుతుందా?”

హెడ్విగ్ సరేనన్నట్టు తలూపింది. కలం మూత తీసింది. “ఏమ్మా, దీనికి జవాబుందా? లేదంటే డాక్టరేటు కుదరదని రాసేస్తాను.”

ఎమోకె కాస్త మొహమాటపడింది.

“సార్‌కి పంపిన పట్టికలో ఆ పధ్నాలుగు నేను కావాలని వేసిన దొంగ అంకె మేడమ్. ఆ ఏడు సరస్సు గడ్డే కట్టలేదు.”