ఐదో నట్టు

"నాలుగూ కదిలాయి. ఇదొక్కటే మొండికేసింది," అంటూ కొడుకు స్పానర్ కింద పడేశాడు.

షెడ్డులో, కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా మసి. ఐదో నట్టు మిగతా వాటిలా పలకలుగా లేదు. గుండ్రంగా ఉంది, నడుమ పువ్వులాంటి గాడి ఉంది. స్పానర్ పెడితే జారిపోతోంది.

తల్లి వంటింటి గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లింది. పొద్దుటి నుంచీ ఆమెది అదే వరస. రావడం, చూడటం, పోవడం. పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు.

కొడుకు ఆఫీసులో పనిచేసే ఒకాయన సాయంత్రం ఆ కారు కొనడానికి వస్తున్నాడు. ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి, మార్చి ఉంచితేనే తీసుకుంటానన్నాడు. మెకానిక్కు దగ్గరికెందుకు, ఇంట్లోనే మార్చేస్తానని కొడుకు రిమ్ములకి ఎక్కించిన రెండు టైర్లు తెచ్చి పెట్టుకున్నాడు. కారు వెళ్లిపోతే ఆ షెడ్డు కోడలి కుట్టుపనికి గదవుతుంది. ఆమె ఇప్పటికీ ఎవరి దుకాణంలోనో కూర్చుని కుడుతోంది. ముచ్చటపడి కొనుక్కున్న సొంత మిషను మంచం కింద దుమ్ము పట్టింది.

ఇంట్లో దీన్ని నడిపేవాళ్లెవరన్నది కొడుకు వాదన. తనకి ఆఫీసు బస్సుంది, భార్యకి స్కూటరుంది, తండ్రి పోయి రెండేళ్లవుతోంది. అమ్మకి సైకిలెక్కడం కూడా రాదు. తల్లి మాత్రం అమ్మొద్దనే అంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు. రోజూ ఆ కారుని ఒళ్లు తుడిచినట్టు తుడుస్తుంది గనక ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

గోల విని పక్కింటి బాబాయి గోడ మీంచి తొంగిచూశాడు. సంగతి విని ఇటు వచ్చి, వంగి చూసి నవ్వాడు. అది తాళం నట్టు అట. చక్రాలు ఎవరూ ఎత్తుకుపోకుండా చక్రానికొకటి పెడతారట. దానికి వేరే కీ ఉంటుందట.

కొడుకు షెడ్డు గోడ మేకుకున్న కారు తాళంచెవి తీసి నట్టు గాడిలో దూర్చబోయాడు.

"ఒరేయ్, అది బండి తాళంరా. విరగ్గొట్టుకునేవు," అన్నాడు బాబాయి. "నేను చెప్పేది అరచేతిలో పట్టే ఇనప ముక్క. దాన్ని నట్టుకి తగిలించి, పైన స్పానర్ వేసి తిప్పాలి. మీ నాన్న డిక్కీలో పెట్టి ఉంటాడు, చూడు."

డిక్కీలో స్టెప్నీ కింద చిన్న డబ్బా దొరికింది. తెరిస్తే ఖాళీ.

తల్లిని అడిగితే లోపలికెళ్లి ఇంటెడు తాళంచెవులూ తెచ్చింది. బీరువావి, పాత పెట్టెవి, ఎప్పుడో పారేసిన తాళంకప్పలవి. కొడుకు తల పట్టుకున్నాడు. కీ తెమ్మంటే తెచ్చానని, ఈ నట్లూ బోల్టులూ తనకేం తెలుస్తాయని ఆమె నిష్ఠూరమాడింది.

చివరికి అతను సుత్తి తీసుకున్నాడు. మొదటి దెబ్బకే తల్లి ఉలిక్కిపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాడి చెడితే ఇక కీ దొరికినా లాభం లేదని బాబాయి సుత్తి లాక్కున్నాడు. టైరు మీద వేలు రాసి చూసి, ఇంతలా అరిగిందేమిటని ఆశ్చర్యపోయాడు.

"ఆయన కాలు ఒకచోట నిలిచిందా ఎప్పుడైనా?" అంది తల్లి.

ఇల్లు గాలించే పని కోడలు మీదేసుకుంది. అందరికంటే తొందర ఆమెకే. సొరుగులు లాగింది, పరుపులెత్తింది, ఆఖరికి వంటింట్లో స్టూలెక్కింది. అటక మీద ఖాళీ డబ్బా ఒకటి కదిపితే లోపల ఖణేలుమంది. మూత తీసింది. అడుగున ఇనప ముక్క, దాని చివర పువ్వు ఆకారం.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు.

"అత్తయ్యా, ఇది..."

"ఆ కారు వెళ్లిపోతే నేనీ ఇంట్లో ఉండలేనమ్మా," అంది అత్తగారు. "నాకు పిచ్చెక్కిపోతుంది."

దొరికిందా అని షెడ్డులోంచి కొడుకు కేకేశాడు.

వంటింటి కిటికీలోంచి ఆ షెడ్డు కనిపిస్తూనే ఉంది. వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో, మిషను ఎటు తిప్పి పెట్టుకోవాలో కోడలు ఎప్పుడో చూసి పెట్టుకుంది. ఒక్క క్షణం అటే చూసి, మూత బిగించి, డబ్బాని ఉన్నచోటే పెట్టేసింది.

"ఇక్కడా లేదండీ."

సాయంత్రం వచ్చినాయన చక్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. దారిలో పంక్చరయితే చక్రం ఊడని బండి తనకెందుకన్నాడు. ఇచ్చిన టీ తాగి లేచాడు. కొడుకు విసుగ్గా నాలుగు నట్లూ తిరిగి బిగించాడు. కారు మీద గుడ్డ కప్పుతూ పక్కకి చూస్తే తల్లి నిలబడి ఉంది. ఆమె మొహం చూశాక అతని కోపం నీరుగారిపోయింది.

"నాన్న చేతి బండి. అంతే కదమ్మా? ఉండనీలే, ఇక అమ్మే మాటెత్తను."

తల్లి తల వంచుకుంది. కాసేపటికి కోడలి దగ్గరికెళ్లి, తన గదిలో కిటికీ పక్కన మిషను వేసుకోమంది. మంచం తనే ఓ మూలకి జరిపింది.

మర్నాడు పొద్దున్నే కొడుకు బస్సుకి పరిగెత్తాడు. కోడలు స్కూటరు మీద దుకాణానికి వెళ్లింది. పక్కింటి బాబాయి కూడా పనికి వెళ్లాక వీధి సద్దుమణిగింది. తల్లి ఇంటికి తాళం వేసి, షెడ్డు తలుపులు బార్లా తెరిచింది.

సీటు ముందుకి జరుపుకుని, రోజూలాగే కారు తీసి రోడ్డెక్కింది.