జాజి మెడపట్టీ బేరం

తెనాలిలో ఇత్తడి కొట్టున్న రంగనాయకులు చెప్పిన ధరకు ఉప్పు కూడా కొని ఎరుగడు. ఆయన కుక్క జాజికి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషనయ్యాక ఒంట్లో కాల్షియం నిలవడం లేదు. ఊళ్లో కుక్కలన్నిటి మెడపట్టీల్లాగే దాని పట్టీ కూడా రక్తం చూసి ఎన్ని మాత్రలు వేయాలో నోటితో చెబుతుంది.

"నాలుగు," అని పట్టీ అంటే, "రెండు చాల్లే," అని ఆయన గెలిచేవాడు. జాజి వణికేది. పట్టీ తెలివైనది; బేరం నేర్చుకుని, ఎనిమిది చెప్పి నాలుగుకు దిగసాగింది. నిన్న ఆయన మూడుకే తెగ్గొట్టాడు.

ఈ ఉదయం కాళ్లు కొంకర్లుపోయి జాజి కూలబడింది.

"పన్నెండు," అంది పట్టీ.

ఆయన మారుమాట లేకుండా పన్నెండూ నూరబోయాడు.

"బేరమాడరేంటి?" పట్టీ కంగారుపడింది. "అన్నీ వేస్తే గుండె ఆగుద్ది. ఆరు చాలు."

"ఆ మాట ముందే ఏడవచ్చుగా."

"మీ కొట్లో మీరు ముందే చెబుతారా, శెట్టిగారూ?"