పెరటి లైటు

తల్లీ, దొరికింది! తప్పు నీది కాదు, నూటికి నూరుపాళ్ళు నీది కాదు! ఈ వయసులో వానలో తడుస్తూ పెరట్లో గంతులేశానంటే నమ్ము.

నాలుగేళ్ళ కిందట ఇలాంటి వానలోనే మీ అత్తయ్య బట్టలు తియ్యబోయి, ఇనప దండెం పట్టుకోగానే షాకు కొట్టి పోయింది. పెరటి లైటు వేసింది నువ్వు. "ఆ స్విచ్చు వెయ్యకపోతే బతికేది" అన్నారందరూ. నేనూ కాదనలేదు. నువ్వు ఈ గడప తొక్కడం మానేశావు.

మీ ఆడపడుచు ఇప్పుడు కరెంటు పని నేర్చింది కదా, నిన్న వాన కురుస్తుండగానే, అప్పట్నుంచీ కరెంటు ఆపేసి ఉంచిన ఆ పెరటి లైను పని పట్టుకుంది. వైర్లన్నీ ఒక్కొక్కటిగా విడదీసి చూసింది. చివరికి పాక రేకు కింద, దండేనికి ఆనుకుని ఒక అతుకు కనిపించింది. దానికి టేపు లేదు, గుడ్డ చుట్టి ఉంది. పిండితే నీళ్ళు కారాయి.

"ఏ మహానుభావుడు చుట్టాడు నాన్నా? ఆ చేతులకు దణ్ణం పెట్టాలి!" అంది.

విప్పి చూస్తే నీలం గళ్ళు. నా పాత చొక్కా! టేపు అయిపోతే నేనే చుట్టాను తల్లీ. "రేపు సరిగ్గా వేస్తాలే" అన్నాను. ఆ రేపు రానేలేదు.

ఇక నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు! మీ అమ్మానాన్నలకు వెంటనే చెప్పు. మా అక్కకు, బావకు, తమ్ముడి ఇంట్లో అందరికీ నేనే రాస్తున్నాను. నీ కూతురికి నువ్వే చెప్పు, అమ్మ కాదు, తాతయ్య అని.

మీ అత్తయ్యకు మాత్రం చెప్పక్కర్లేదు. నేను గుడ్డ చుడుతుంటే నిచ్చెన పట్టుకున్నది ఆవిడే.