మేడ పెట్టిన కేసు

ఇళ్లు తమ కేసులు తామే వేసుకునే కాలం వచ్చాక, విజయనగరంలో ఓ మేడ ఫైర్‌మన్ పైడిరాజు మీద దొంగతనం కేసు పెట్టింది. శిక్ష పడిందా, ఉద్యోగం ఊడినట్టే.

"మంట ఆర్పడానికే ఎల్లానండి," అన్నాడు పైడిరాజు బోనులోంచి.

"అయితే గొడ్డలెందుకు?" అంది మేడ, కోర్టు గోడకున్న స్పీకర్లోంచి. "వేలిముద్ర వేస్తే తలుపు తీస్తానన్నాను. వినకుండా బద్దలుకొట్టాడు. దొంగ కాక మరెవడు?"

పైడిరాజు తరఫు లాయరు సత్యవేణి, మేడ తీసిన వీడియోనే వేయించింది. పొగలో పైడిరాజు తలుపు పగలగొట్టాడు. గడప దగ్గర టక్కున ఆగాడు. వంగి, బూట్లు విప్పి ఓ పక్కన పెట్టి, ఉత్తికాళ్లతో మంటల్లోకి పరిగెత్తాడు.

లాయరమ్మ కూడా తెల్లబోయింది. "ఇదేటయ్యా, నాతో చెప్పనేదు?"

"మా ఆఫీసరుకి తెలిస్తే సంపేస్తాడమ్మా," అని గొణిగాడు పైడిరాజు. "గడపకి పసుపు రాసుంది. ఎలా తొక్కీమంటారు?"

సత్యవేణి జడ్జి వైపు తిరిగింది. "బూట్లు గుమ్మంలో విడిచి లోపలికెళ్లే దొంగని తమరెక్కడైనా చూశారా?"

జడ్జి నోరు తెరిచేలోపే మేడ అందుకుంది.

"ఆ పసుపు రోజూ నేనే మరమనిషి చేత రాయించుకుంటున్నానండి. నాలో కాపురముండేవాళ్లు తొక్కుకుంటూ పోవడమే గాని, ఒక్కనాడైనా కిందికి చూశారా? నాకీ కేసు వద్దు. వాళ్లని ఖాళీ చేయించి, ఈ బాబుని నాలో దిగమనండి."