కొండ దాటే సైకిల్

"పగిలింది," అంది సుధారాణి.

నూకరాజు చొక్కా జేబులోంచి గుడ్డు సొన నెమ్మదిగా ప్యాంటు మీదికి జారుతోంది. పాతపోస్టాఫీసు వెనక సందులో ఉన్న మెట్ల మీంచి సైకిల్‌ను దడదడా దింపుకొచ్చినవాడు ఇంకా హ్యాండిల్ వదల్లేదు. బిగించిన పళ్లు కూడా విడలేదు.

"ఈ సైకిల్ వద్దు బాబాయ్. ఇంకోటి తియ్యి," అందామె కొట్టు యజమాని త్రినాథరావుతో. సంచీలోంచి మరో గుడ్డు తీసి మొగుడి జేబులో జాగ్రత్తగా పెట్టింది. "గుడ్డు పగలకపోతే మా బావా పగలడు. అంతే."

ఓడల మీద వచ్చే విదేశీ నావికులు వదిలించుకునే సామాన్లు కొని అమ్ముకోవడం త్రినాథరావు వ్యాపారం. వీసీడీ ప్లేయర్లూ, బూట్లూ, దూరదర్శినులూ బేరమాడి కొన్నవాళ్లను చూశాడు గానీ, గుడ్లతో సైకిల్ కొనడానికి వచ్చినవాళ్లను చూడలేదు. ఆ పిల్ల మెళ్లో పసుపుతాడు ఇంకా పచ్చగా మెరుస్తోంది. కొత్త కాపురం, కొత్త వెర్రి అనుకుని రెండో సైకిల్ బయటికి లాగాడు.

దానికి ముందూ వెనకా చెయ్యంత లావు స్ప్రింగులు. సుధారాణి సీటు నొక్కింది. పూరీలా పొంగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ పొంగింది.

"బావా, సూడు సూడు! సోఫా!"

మెట్ల మీంచి దిగితే గుడ్డుకి ఏమీ కాలేదు. సుధారాణి చప్పట్లు కొట్టింది. కానీ సందు ఎగువకి తొక్కమంటే కథ అడ్డం తిరిగింది. నూకరాజు తొక్కిన తొక్కుడంతా స్ప్రింగులే తినేశాయి. సైకిల్ ఉన్నచోటే ఊగింది. అరటిపళ్ల బండివాడు అతన్ని దాటిపోతూ జాలిగా చూశాడు.

"దిగడానికి బాగుంది గానీ సుధా," అన్నాడు నూకరాజు ఆయాసపడుతూ, "ఎక్కాలంటే దీన్ని నానే మొయ్యాల."

"అలగైతే ఎలాగ? రోజూ కొండెక్కాల, రోజూ దిగాల."

"ఏ కొండమ్మా?" అడిగాడు త్రినాథరావు.

"యారాడ కొండ."

"దానికి తారు రోడ్డున్నాది కదా!"

"రోడ్డు మీద కాదు బాబాయ్. జీడితోటల్లోంచి కాలిబాటున్నాది. అన్నీ రాళ్లూ గుంతలూ."

"ఓహో, రేసా?"

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అలాంటిదే," అన్నాడు నూకరాజు.

"నెగ్గితే ఏటిత్తారు?"

సుధారాణికి ఉన్నట్టుండి గొలుసు మీది గ్రీజు చాలా ఆసక్తిగా కనిపించింది. దానికేసే చూస్తూ, "ఇత్తార్లే," అంది.

మూడో సైకిల్ కొట్టు చివర, పాత తాళ్ల చుట్టల వెనక ఉంది. ఏదో ఓడ ఇంజనీరు అమ్మేసి పోయినదట. స్ప్రింగులు రెండు వైపులా ఉన్నాయి గానీ మరీ లావు కాదు. సీటు కింద చిన్న మీట. ఎక్కేటప్పుడు తిప్పితే వెనక స్ప్రింగు బిగుసుకుంటుంది, దిగేటప్పుడు వదిలితే మెత్తబడుతుంది. నూకరాజు మెట్లు దిగాడు. గుడ్డు కదల్లేదు. సందు ఎక్కాడు. ఈసారి అరటిపళ్ల బండిని దాటేశాడు!

"ఇదే బావా! ఇదే!" సుధారాణి నడిరోడ్డు మీదే గెంతింది.

"మంచి ఎరుపమ్మా, ఊరంతా కనపడతాది," అన్నాడు త్రినాథరావు సంబరంగా. "బెల్లు కొత్తది బిగించేదా?"

"బెల్లొద్దు. ఉన్నదే తీసెయ్యి."

"లైటు?"

"వద్దొద్దు. ఈ ఎరుపు మీద నల్లరంగు కొడతావా?"

"నల్లరంగా?"

"మరేటంటే, తొక్కడం ఆపితే వెనక చక్రం టకటకమంటంది. ఆ సప్పుడు పోవాల."

"ఎందుకమ్మా?"

"కుక్కలు లేత్తాయి."

త్రినాథరావు చేతిలో స్పానర్ ఆగిపోయింది. సైకిల్‌ను మెల్లిగా తనవైపు లాక్కున్నాడు.

"తల్లీ, ఆ కొండ మీద నేవీవోళ్లుంటారు. దొంగదారి, నల్లరంగు, కుక్కలు... ఏటి సరుకు దాటిత్తన్నారు మీరు?"

"సరుకేటి బాబాయ్, మనిషే," అన్నాడు నూకరాజు అమాయకంగా.

"మనుషుల్నే దాటించేత్తన్నారా! ఓలమ్మో!"

సైకిల్ లోపలికి పోయింది. షట్టర్ సగం దిగింది. సుధారాణి గుండె కూడా దానితోపాటే జారింది. ఊళ్లో కొట్లన్నీ తిరిగారు. కొండ ఎక్కగలిగేదీ, మనిషిని ఒక్క ముక్కగా దింపగలిగేదీ ఇదొక్కటే. ఇది చేజారితే బావ ఆ కొండ దాటలేడు. ఆమె షట్టర్ కింద చెయ్యి పెట్టి ఆపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బాబాయ్, బాబాయ్, దొంగలం కాము. బావ పోర్టులో డ్యూటీ దిగి ఆ కొండ దాటి రావాల. ఎవులి కంటా పడకూడదు. తెల్లారేసరికి తిరిగెల్లిపోవాల. అంతే."

"ఎవులింటికి?" షట్టర్ వెనక నుంచి గద్దించాడు త్రినాథరావు.

"మా కన్నోరింటికి."

షట్టర్ కాస్త పైకి లేచింది. కింద నుంచి త్రినాథరావు తల బయటికొచ్చింది.

"కన్నోరింటికా! అంటే ఈ బాబుకి అత్తోరిల్లా! కొత్తల్లుడు పట్టపగలు, రోడ్డు మీద, దర్జాగా ఎల్లాల గానీ, ఈ దొంగ రాకడేటి తల్లీ?"

నూకరాజు ఆకాశం కేసి చూశాడు. సుధారాణి చెవుల దాకా ఎర్రబడి, తల దించుకుంది.

"ఎల్లుండి నుంచి ఆషాఢం, బాబాయ్."