పసుపు సున్నా

"గీయండి కాజ్ గారూ, మీ చెయ్యి పడితే చాలు," అంది మార్లా, పసుపు రంగు మైనపు పెన్సిల్ ఆయన చేతిలో పెడుతూ.

కాజ్ గీయలేదు. ఎత్తిన బానెట్ కిందికి వంగి, ఇంజన్ వెనక నల్లగా నిగనిగలాడుతున్న రేకు వంక చూస్తూ నిలబడ్డాడు. ఈ కారు తయారైన ఫ్యాక్టరీలో కుర్రతనంలో పనిచేసిన మనిషి ఆయన. ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. మార్లా మిషిగన్ అంతా గాలించి, రిటైరైన కార్మికులు శనివారాలు టిఫిన్‌కి కూడే హోటల్లో ఆయన్ని పట్టుకుంది.

రేపే పాతకార్ల ప్రదర్శన. 1970 నాటి ఈ ఆరంజ్ రంగు బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి, లేకపోతే జడ్జీలు మార్కులు కోస్తారు. అందుకోసం మార్లా పడని పాట్లు లేవు. రేడియేటర్ గొట్టాల మీద అక్షరాలు తెల్లగా ఉండాల్సింది పచ్చగా ఉన్నాయని వెనక్కి పంపింది. అద్దాల చుట్టూ రబ్బరు ఒహైయోలో ఒకాయన పాత అచ్చులో పోసి ఇచ్చాడు. ఫ్యాక్టరీవాళ్లు హడావిడిలో వంకరగా అంటించిన స్టిక్కరుని ఈవిడ కొలత పెట్టుకుని మరీ వంకరగా అంటించింది. తిన్నగా అంటిస్తే మార్కులు పోతాయి మరి! ఇదేం పిచ్చి అంటే, ఆ పిచ్చి పట్టినవాళ్లకే తెలియాలి.

ఇక మిగిలింది ఇంజన్ వెనక రేకు మీద ఉండాల్సిన ఒక్క గుర్తు. రెండు తోకలున్న పసుపు సున్నా.

"దీనికి అచ్చురేకు కూడా అమ్ముతున్నారు. కానీ దాంతో గీస్తే ముద్ర కొట్టినట్టుంటుంది, జడ్జీలు ఇట్టే పట్టేస్తారు," అంది మార్లా.

"అసలు ఈ బండికి ఆ గుర్తుండేదా? లేక సరదాకి పెట్టించుకుంటున్నావా?"

"భలేవారే! పాత రంగు గీకించే ముందు ఫొటో తీశాను, చూడండి."

ఫోన్‌లో ఫొటో చూడగానే కాజ్ మొహం చిన్నబోయింది.

"అన్నిటికీ ఉండదట కదా! బాగా కుదిరిన బళ్లని ఏరి ఇన్‌స్పెక్టర్లు పెట్టేవాళ్లని మా కార్ల పిచ్చోళ్లంతా అంటారు. అలాంటి బండి పోయిపోయి మా నాన్న చేతిలో పడింది, దాని ఖర్మ!"

గ్యారేజీ బయట మడతకుర్చీలో ఎండకి కూర్చున్న తండ్రి వెండెల్‌కి ఆ మాట వినబడింది. ఎనభై దాటిన మనిషి, బోసిగా నవ్వాడు. కారు బాగవుతున్నన్నాళ్లూ ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. నా చెయ్యి తగిలితే మళ్లీ పాడవుతుంది అంటాడు.

"ఆయన కొత్తదే కొన్నాడా?" కాజ్ గొంతు తగ్గించి అడిగాడు.

"కొత్తదే. బేకరీలో పొయ్యి ముందు మాడి మాడి కూడబెట్టి కొన్నాడు."

"ఫ్యాక్టరీలో తెలిసినవాళ్లెవరూ లేరా?"

"రొట్టెలు కాల్చుకునేవాడికి అక్కడ ఎవరు తెలుస్తారు? ఎందుకలా అడిగారు?"

"ఊరికే."

కొన్న నెలలోనే బండి వణకడం మొదలుపెట్టింది. బెల్టులు తెగేవి, గొట్టాలు ఊడేవి. వెండెల్ ఆదివారాలన్నీ దాని కిందే పడుకునేవాడు. స్కూలు ముందు అది దగ్గి దగ్గి ఆగిపోతే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. మార్లా సిగ్గుతో చచ్చిపోయేది. తర్వాత్తర్వాత మలుపులోనే దిగి, ఆ కారు మాది కాదన్నట్టు నడిచిపోయేది. ఒకసారి బౌలింగ్ హాల్లో, తండ్రి స్నేహితులందరి ముందూ అనేసింది: "నీ చేతిలో పడితే బంగారమైనా తుప్పు పడుతుంది నాన్నా!"

అందరూ నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు. మర్నాడు కారు మీద టార్పాలిన్ కప్పి బస్సులో పనికి పోయాడు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

ఆ మాట గుర్తొస్తే మార్లాకి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. నాన్న పాడుచేసింది నిజమే కావచ్చు, కానీ నలుగురిలో అనాలా? అందుకే ఈ పాట్లన్నీ. రేపు ఆయనే నడుపుతుంటే పక్కన కూర్చుని ప్రదర్శనకి వెళ్లాలని ఆమె ఆశ. ఆయన ససేమిరా అంటున్నాడు.

"ఇంజన్‌ని బిగించే బోల్టు రంధ్రాలు సరిగ్గా ఉన్నాయా?" అడిగాడు కాజ్.

"ఒకటి వేలి మందాన పక్కకి జరిగి ఉంది. మా నాన్న పనితనం! అది పూడ్పించి, సరైన చోట కొత్తది వేయించాను. ఇప్పుడు వణుకన్న మాటే లేదు."

కాజ్ బయటికి తొంగిచూశాడు. "ఏమండీ వెండెల్ గారూ, ఆ బోల్టు రంధ్రం మీరు తొలిచారా?"

"గుర్తులేదు తమ్ముడూ. నేనే అయ్యుంటాను. ఆ బండికి జరిగిందంతా నా వల్లే కదా!"

కాజ్ పెన్సిల్ తిరిగి మార్లా చేతిలో పెట్టేశాడు. "నేను గీయలేనమ్మాయ్. మీ నాన్నని ఒక్కసారి లోపలికి రమ్మను."

ఎంతో బతిమాలితే వెండెల్ వచ్చాడు. దేన్నీ తాకకుండా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈ గుర్తు పెట్టింది ఇన్‌స్పెక్టర్లు కాదు," అన్నాడు కాజ్ తల దించుకుని. "కార్లు బిగించే లైన్లో పనిచేసే మేమే, చాటుగా. ఆ ఫొటోలో ఉన్నది నేను గీసిందే. మా చుట్టాలో, మా వీధిలోవాళ్లో కారు కొనడానికి వెళితే, ముందు బానెట్ ఎత్తించి ఇది ఉందో లేదో చూసుకునేవాళ్లు."

మార్లా మొహం వెలిగిపోయింది. "విన్నావా నాన్నా! ఈ గుర్తున్న బండినే ఏరుకునేవాళ్లన్నమాట!"

కాజ్ ఆమె వంక చూడలేదు. జేబుల్లో చేతులతో నిలబడ్డ వెండెల్‌నే చూస్తూ అన్నాడు:

"ఇది ఉంటే కొనేవాళ్లు కాదు."